ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ మన వంటింటికి ఎందుకు రాదు?

గుంటూరు మిర్చి ధరలు, చైనా ఆర్డర్లు, కోల్డ్ స్టోరేజీల్లో నిల్వలు... ఇవన్నీ రోజూ చదువుతున్నవే. ఒక చిన్న కారం మిల్లు మొదటిసారి యూరప్‌కు సరుకు పంపాలనుకున్నప్పుడు ఆ మిల్లు లోపల ఏం మారుతుందో మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో డాలర్ల కంటే విలువైన లాభం అక్కడే ఉంది.

ఇన్నాళ్లూ యజమాని యార్డులో గుప్పెడు కాయలు తీసుకుని, విరిచి, రంగూ ఘాటూ చూసి ధర చెప్పేసేవాడు. ఆ చూపు ఏళ్ల తరబడి అబ్బిన విద్య, కాదనలేం. కానీ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కంటికి కనబడదు. ఎర్రగా నిగనిగలాడే కాయలోనూ ఉండొచ్చు. యూరప్‌లో అది కిలో మిర్చికి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అందుకే ఆఖరి మాట యజమానిది కాకుండా ల్యాబ్ రిపోర్టుది అవుతుంది. "సరుకు బ్రహ్మాండంగా ఉంది" అని ఆయన ఎంత చెప్పినా రిపోర్టు రానిదే లారీ కదలదు. సొంత మిల్లులో తన మాటకు పైన ఇంకో మాట ఉందని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత మార్పు వెనక్కి పాకుతుంది. ఏ టిక్కీ (మిర్చి బస్తా) ఏ రైతు దగ్గర కొన్నారు, ఏ రోజు మిల్లాడించారు అన్నది రాసిపెట్టాలి. తాలు, బూజు కాయలు ఏరే ఆడకూలీలను తొందరపెట్టడం మానాలి, ఎందుకంటే వాళ్ల చేతిలో తప్పిపోయిన కాయే రేపు రిపోర్టులో తేలుతుంది. విరిగిపోకుండా కాయల మీద నీళ్లు చల్లే పాత అలవాటు ఆగిపోవాలి. కళ్లంలో నేల మీద కాకుండా పట్టాల మీద ఆరబెట్టమని రైతును అడగాలి, అలా ఆరబెట్టిన కాయకు నాలుగు రూపాయలు ఎక్కువివ్వాలి.

ఇదంతా చిన్న మిల్లుకు మోయలేని ఖర్చు అంటారు. నిజమే, ఒక్క కంటెయినర్ వెనక్కొస్తే మిల్లే మూతపడొచ్చు. దానికి మందు ఉమ్మడి ల్యాబ్‌లు, తక్కువ ఫీజులు. అంతేగానీ ప్రమాణాలు తగ్గించడం కాదు. కొందరు ప్రమాణం తప్పితే అందరికీ చుట్టుకుంటుంది. 2003లో మన దేశపు కారంలో, తిండిలో వాడకూడని సూడాన్ రంగు ఉందని ఫ్రాన్స్‌లో బయటపడ్డాక, ఆ రంగు వాసన కూడా తెలియని వ్యాపారులు సైతం ప్రతి సరుకుకూ పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది.

నన్ను మండించే సంగతి వేరే ఉంది. మార్పు చాలాచోట్ల మిల్లులో సగానికే ఆగిపోతుంది. ఒక గదిలో ఎగుమతి సరుకు, పక్క గదిలో 'లోకల్' సరుకు. చట్టం కూడా ఈ గోడకే కాపలా కాస్తోంది. యూరప్‌లో 10 దాటకూడని విషానికి మన దేశంలో మసాలా దినుసుల పరిమితి 30. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనం కారం తినే మోతాదు జర్మనీవాడు కలలో కూడా తినడు. మరి పరిమితి ఎవరికి తక్కువ ఉండాలి? ఫుడ్ సేఫ్టీ అథారిటీ ఆ 30ని 10కి దించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కిరాణా కొట్లలోని కారం ప్యాకెట్లను పరీక్షించి, ఫలితాలను బ్రాండ్ పేర్లతో సహా ప్రతి నెలా బయటపెట్టాలి.