ఒక్క విషయంలో మాది వెనుకబడిన జిల్లా కాదు

పాలమూరు, నల్గొండ అనగానే వెనుకబడిన జిల్లాలని రాయడం అందరికీ అలవాటైపోయింది. కరువు, వలస, ముంబై బస్సు... ఈ మూడు మాటలు లేకుండా మా మీద వ్యాసం రాసిన మహానుభావుడు ఇంతవరకు తగల్లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దాల్సిన సమయం వచ్చింది. ఒక శాస్త్రంలో మేం దేశానికే పాఠం చెప్పగలం. దాని పేరు టాక్సికాలజీ. విషం ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో చెప్పే చదువు. మందు పోయి ఏం చేస్తుందో చెప్పేది ఫార్మకాలజీ. రెండింటికీ మధ్య గోడ పల్చన కాబట్టి కాలేజీల్లో రెండూ కలిపే చెబుతారు.

"బీఫార్మసీల ఏసి, ఎనకసీరి ఫార్మకాలజీల పీజీ చేపిస్తే పిల్లగానికి ఫ్యూచర్ ఉంటదా అన్నా?" నీట్‌లో సీటు రాక, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని తిరిగే తల్లిదండ్రులు ఏటా అడిగే ప్రశ్న ఇది. ఉంటుంది. బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే ఆ ఫ్యూచర్ డిగ్రీ ఉన్నవాళ్లదా, లేనివాళ్లదా అన్నది కొంచెం విచారించుకోవాలి.

సిలబస్ పారాసెల్సస్‌తో మొదలవుతుంది. పదహారో శతాబ్దపు స్విస్ వైద్యుడు. అన్నీ విషాలే, ఏది విషమో ఏది కాదో తేల్చేది మోతాదు ఒక్కటే అన్నాడు. ఈ ముక్క తలకెక్కడానికి యూరప్‌కు చాలా కాలం పట్టిందంటారు. నల్గొండ జిల్లా మర్రిగూడలో చేతిబోరు నీళ్లు తాగి పెరిగినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే పళ్లకు మంచిది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇంకా ఎక్కువైతే, ఏళ్ల తరబడి తాగితే, ముందు పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు పట్టేస్తాయి, ఆ తర్వాత నడుం వంగుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. టాంజానియాలో, కెన్యాలో, ఇథియోపియాలో ఆ పేరు తెలుసు. పారిస్‌కు ప్లాస్టర్ ఉంటే మాకు టెక్నిక్ ఉంది. ఇప్పుడు నల్లాల్లోకి కృష్ణా నీళ్లు వచ్చాయి, సంతోషం. పాత పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంకా కర్ర పట్టుకుని ఊళ్లలో నడుస్తూనే ఉన్నాయి.

ఇక ప్రాక్టికల్స్. ఫార్మకాలజీ ల్యాబ్‌లో విస్టార్ జాతి తెల్ల ఎలుకలుంటాయి. ఎలుకకు చుక్క మందు పట్టించాలన్నా ముందుగా జంతు నైతిక కమిటీ ముందుకెళ్లాలి. ఎన్ని ఎలుకలు, అన్ని ఎందుకు, ఏ మోతాదు, పని అయ్యాక నొప్పి తెలియకుండా ఎట్లా సాగనంపుతారు... అన్నీ ఫారంలో నింపి సంతకాలు పెట్టించాలి. నొప్పి తగ్గించే మందును పరీక్షించడానికి 55 డిగ్రీల వేడి పలక మీద ఎలుకను నిలబెడతారు. అది కాలు నాకినా, ఎగిరినా వెంటనే తీసేయాలి. ఏ కదలికా లేకపోయినా 15 సెకన్లకు తీసేయాలి, పాదం కాలుతుంది కాబట్టి. సగం జంతువులను చంపే మోతాదును లెక్కగట్టే పద్ధతి 1927లో వచ్చింది. ఆ ఒక్క అంకె కోసం ఇన్ని జీవాలను చంపడమేంటని తర్వాత శాస్త్రవేత్తలకే సిగ్గేసి, ఇప్పుడు ఒక్కో దశకు మూడు ఎలుకలతో సరిపెట్టే పద్ధతి తెచ్చారు. డిగ్రీ పిల్లలకైతే కప్ప గుండె కూడా కంప్యూటర్ తెర మీదే కొట్టుకుంటుంది.

ఇంత జాలి, ఇంత పద్ధతి చూసి మురిసిపోతూ కాలేజీ గేటు దాటి కల్లు కాంపౌండు వైపు నాలుగడుగులు వేయండి. అక్కడ కమిటీ లేదు. ఫారం లేదు. మూడుకు మించకూడదన్న నియమమూ లేదు.

కల్లు సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మా ప్రాంతపు పరిశోధన ప్రతిభ అంతా అక్కడే పోగుపడింది. చెట్లు తక్కువ, సీసాలు ఎక్కువ. ఈ లెక్క ఎట్లా కుదురుతుందో బాటనీ వాళ్లు చెప్పలేరు, ఫార్మకాలజీ వాళ్లే చెప్పాలి. క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. చెట్టు ఇవ్వని కల్లులో కలిపే మత్తుమందులు ఇవే. మొదటిదాన్ని 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేశాడు. రెండోది 1963లో అమెరికా మార్కెట్‌కు వచ్చి, ఆందోళన తగ్గించే బిళ్లగా ప్రపంచాన్నంతా జోకొట్టింది. మూడోది పావు, అర మిల్లీగ్రాము బిళ్లల్లో, డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన సరుకు. అట్లాంటి పదార్థాన్ని పొడి రూపంలో తెచ్చి, తూకం లేకుండా చేతి అంచనాతో డ్రమ్ములో కలిపి, తాగినవాడు అక్కడే పడి చావకుండా, అట్లాగని రేపు రాకుండానూ ఉండలేనంత మాత్రంగా మోతాదు కుదర్చడమంటే మాటలా? పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ నడుమ ఉండే సందును మా సారువాళ్లు 'థెరప్యూటిక్ విండో' అంటారు, రెండేళ్లు చెప్పినా సగం మందికి ఎక్కదు. అక్కడ బనియన్ మీద నిలబడి కలిపేవాడికి అది వేళ్ల చివర ఉంటుంది. ఎప్పుడో ఒకసారి లెక్క తప్పుతుంది. మర్నాడు పేపర్లో వస్తుంది. వారం రోజులు దాడులు జరుగుతాయి.

దాడులు జరిగి దుకాణం మూతపడితే అసలు ప్రయోగం ఫలితాలు బయటికొస్తాయి. తాగేవాళ్లకు చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మతి తప్పి మాట్లాడతారు. ఆటోలు పెద్దాసుపత్రికి పరుగులు తీస్తాయి. అక్కడ చేసే వైద్యం ఏమిటంటే, అదే కుటుంబానికి చెందిన బిళ్లను కొలిచి ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడం. తేడా ఒక్కటే, ఇక్కడ కేస్ షీటు ఉంటుంది. (మోకు మీద ప్రాణం పెట్టి చెట్టెక్కి కల్లు గీసే గౌడన్నకు ఈ శాస్త్రంతో ఏ సంబంధమూ లేదని మనవి. ఇది చెట్టెక్కనివాళ్లు కనిపెట్టిన శాస్త్రం.)

మరి డిగ్రీ తెచ్చుకున్నవాడు ఏమవుతాడు? చాలామంది ఫోటో ఫ్రేములో స్థిరపడతారు.

1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు ఉంటే తప్ప మెడికల్ షాపులో చీటీ మందు ఇవ్వకూడదు. చట్టాన్ని మా ఊళ్లు తుచ తప్పకుండా పాటిస్తాయి. ఏ షాపుకైనా వెళ్లి చూడండి, వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఫార్మసిస్టు ఉంటాడు, అద్దం వెనకాల, కౌన్సిల్ ముద్రతో సహా. ఆ పటానికి నెలనెలా అద్దె ముడుతుంది. మనిషి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటుంటాడు. కౌంటర్ దగ్గర ఇంటర్ ఫెయిలైన పిల్లవాడు చీటీని వెలుతురుకు పట్టి చూస్తాడు. "అవ్వా, గా బిళ్ల లేదు. గిది తీస్కపో, గదే పని జేస్తది. తిన్నంక ఏస్కో." స్ట్రిప్పు కత్తెరతో రెండు ముక్కలు చేసి, గడువు తేదీ ఉన్న ముక్క డబ్బాలో వేసుకుని, లేని ముక్క అవ్వ చేతిలో పెడతాడు. ఒక మందుకు బదులు ఇంకో మందు ఇవ్వడం మీద మేం ఒక సెమిస్టర్ చదివాం. వాడికి అర నిమిషం చాలింది.

ఫ్రేములో ఉండలేనివాళ్లకు కంపెనీలున్నాయి. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, బెంగళూరు హైవే మీద జడ్చర్ల పోలేపల్లి. షిఫ్టు బస్సులు తెల్లారకముందే కదులుతాయి. అయితే ఒక చిన్న ఇబ్బంది. మందు పొడి తయారుచేసేవాడికి కెమిస్ట్రీ వచ్చినవాడు కావాలి. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో తెలిసినవాడు ఆ రియాక్టర్ దగ్గర ఎందుకూ కొరగాడు, పైగా లేనిపోని ప్రశ్నలు వేస్తాడు. వాడు శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో ఎలుకల పని వెతుక్కోవాలి. బ్యాగు మోయగలిగితే మెడికల్ రెప్ అయి, ఫార్మకాలజీ తనకన్నా ఎక్కువ చదివిన డాక్టరుకు రెండు నిమిషాల్లో ఫార్మకాలజీ చెప్పి, పెన్ను చేతిలో పెట్టి రావచ్చు.

ఈ మధ్య అందరూ మెచ్చుకుంటున్నది ఫార్మకోవిజిలెన్స్, అంటే మందు వికటించిన సంగతులను నమోదు చేసే పని. ఏసీ గది, కంప్యూటరు. అమెరికాలో ఎవరో ముసలమ్మకు మందు పడక ఊహించని ప్రమాదం ముంచుకొస్తే ఆ సంగతి 15 రోజుల్లో అక్కడి ప్రభుత్వానికి చేరాలి. ఆ నివేదిక కల్వకుర్తి పిల్ల హైటెక్ సిటీలో కూర్చుని రాస్తుంది. చాలా బాధ్యతగల పని, నిజంగానే. ఆ పిల్ల నాయనమ్మకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయనుకోండి, అది మాత్రం ఏ కంప్యూటర్‌లోకీ ఎక్కదు. ఇక్కడా అట్లాంటివి నమోదు చేయడానికి 2010 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది, ఉచిత ఫోన్ నంబరూ ఉంది. నాయనమ్మ దద్దుర్లకు పసుపు రాసుకుని ఊరుకుంది. మళ్లీ జ్వరమొస్తే అదే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. ఆయన రాత్రి రెండింటికి తలుపు కొట్టినా లేస్తాడు మరి.

ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉంది. 2022లో నోటిఫికేషన్ ఇచ్చారు, రాష్ట్రం మొత్తానికి 18 పోస్టులు. పోటీకి మేమేం భయపడం. 1996లో ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినిపించడానికి ఒక్క నల్గొండ ఎంపీ సీటుకే 480 మంది పోటీ చేశారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది.

ఇదంతా చూశాక ప్రభుత్వానికి ఒక వినతి. 2022లో యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఒక పద్ధతి తెచ్చింది. తమ రంగంలో 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను డిగ్రీలతో పని లేకుండా యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి పిలవచ్చు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది, నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. కలిపే నిపుణులు, సూదులేసే నిపుణులు, చీటీ చూడకుండానే బిళ్ల పేరు చెప్పే నిపుణులు కావలసినంత మంది ఉన్నారు. 15 ఏళ్లేమిటి, 30 ఏళ్ల అనుభవం వాళ్లూ దొరుకుతారు.

వాళ్లు ఒప్పుకుంటారా అన్న అనుమానంతో కాంపౌండు నడిపే ఒక పెద్దమనిషిని కదిలించి చూశాను. జీతం ఎంతని అడిగాడు. చెప్పాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత నా మీద జాలిపడి, "నాకెందుకు సారూ గవన్నీ? మీ ఎరుకల ఫార్మసీల పెద్ద చదువు చదివిన పిల్లగాడుంటే పంపుండ్రి. సీసాల లెక్క రాయనీకి మనిషి లేక పరేషాన్ అయితున్నం" అన్నాడు.