బోర్డులు సరే, గుట్టల పేర్లో?

స్కాట్లండ్‌లో గేలిక్ భాషకు 2025 నవంబర్ 30న అధికార హోదా దక్కింది. సంతోషం. కానీ ఆ భాషను ఇన్నాళ్లూ బతికించిన పల్లె పారిష్‌లలో (ఒక చర్చి కింద ఉండే ఊళ్లలో) గుట్టల పేర్లు, వాగుల పేర్లు, వాటి అర్థాలు చాలాచోట్ల ఇంకా ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. వాటిని రాసిపెట్టే భారమంతా ఎక్కువగా స్థానిక చరిత్ర సంఘాల మీదే పడుతోంది. రైల్వే స్టేషన్లలో, రోడ్ల మీద గేలిక్ బోర్డులు పెట్టించిన ప్రభుత్వానికి ఈ పని ఎందుకు పట్టదు?

మ్యాపులో ‘కిల్‌మోర్’ అని ఉంటుంది. ‘కీల్’ అంటే గుడి. కొన్నిచోట్ల ఆ పేరుకు పెద్ద గుడి అని అర్థం, కొన్నిచోట్ల మేరీ మాత గుడి అని. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండూ ఒకటే. ఊరి పెద్దాయన పలికినప్పుడు చివర ఒక చిన్న అచ్చు వినబడితేనే తేడా తెలుస్తుంది. ఆయన పోతే అర్థమూ పోయినట్టే.

స్కాట్లండ్ పశ్చిమ దీవుల్లో ఒకటైన లూయిస్ బీళ్లలో ‘ఆరి’ అన్న మాటతో మొదలయ్యే పేర్లు కనిపిస్తాయి. వేసవిలో పశువులను తోలుకెళ్లి కాపురముండే గుడిసె అది. తరాల తరబడి పేడ పడ్డ చోటు కాబట్టి ఇప్పటికీ గోధుమరంగు బీడు మధ్య పచ్చగా కనబడుతుంది. ఆ పచ్చమచ్చ ఎవరి కుటుంబానిదో పేరు చెబుతుంది.

ఈ నిర్లక్ష్యం ఇవాళ్టిది కాదు. 19వ శతాబ్దంలో మ్యాపులు గీసే సర్వేవాళ్లు పేర్లు రాసుకుంటూ భూస్వామిని, పాస్టర్‌ను అడిగారు. చిన్న రైతు మాటను, తానుండే చోటి పేరు విషయంలో కూడా, నమ్మొద్దని సర్వే సంస్థ సూచనల్లోనే ఒకప్పుడు ఉండేది. ఆ రైతు మనవడిని ఇప్పుడైనా అడుగుతున్నారా?

2022 జనగణన చూస్తే టెన్షన్ పుడుతుంది. గేలిక్ ఎంతోకొంత వచ్చినవాళ్లు స్కాట్లండ్ మొత్తం మీద 87 వేల నుంచి 1.30 లక్షలకు పెరిగారు. అదే గేలిక్‌కు పట్టుకొమ్మలైన పశ్చిమ దీవుల్లో మాట్లాడగలిగేవారు 52 శాతం నుంచి 45 శాతానికి పడిపోయారు. సిటీలో గేలిక్ నేర్చుకున్న కుర్రాడికి ఆ బీడు పేరు చెప్పేదెవరు?

ఎవరూ నడవని బీళ్ల పేర్లకు ప్రజాధనం ఎందుకని కొందరంటారు. బోర్డులకు లేని లెక్కలు పేర్ల దగ్గరే ఎందుకు గుర్తొస్తాయి?

మనమూ తక్కువ తినలేదు. ఇంగ్లిష్‌లో ‘కడ్డపా’ అన్న స్పెల్లింగును 2005లో ‘కడప’గా దిద్దుకున్నాం. సర్వే నంబర్ల కింద పడి పోయిన చేల పేర్లు, కుంటల పేర్లు ఎవరు రాశారు?

స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరాలోని పాలకులు ఈ వేసవిలోనే ప్రతి గేలిక్ పారిష్‌కూ జీతమిచ్చి మనుషులను పంపాలి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని గుట్ట గుట్టా తిరిగి, పేరు వాళ్ల గొంతులోనే రికార్డు చేయించాలి. బోర్డుల ఆవిష్కరణలకు దొరికే తీరిక ఈ పనికి దొరకదంటే మేం నమ్మం.