పైపు మార్పుపై సంతకం ఎవరిది?

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే మొదటి వేలు షిఫ్టులో ఉన్న ఆపరేటర్ వైపే చూపుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవ రసాయనం) ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. దానికి దారితీసిన నిర్ణయాలు మాత్రం నెలల ముందే జరిగిపోయాయి.

నిల్వ ఉన్న స్టైరిన్ అణువులు గొలుసులా కలిసిపోయి దానంతటదే పాలిమర్‌గా మారుతూ వేడెక్కుతుంది. ఆ వేడి మార్పును మరింత వేగిరపరుస్తుంది. అందుకే ఆ మార్పును అడ్డుకునే టీబీసీ అనే నిరోధకం కలిపి, చల్లబరుస్తూ, ద్రవాన్ని తిప్పుతూ ఉండాలి. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ తగ్గితే టీబీసీ కూడా పనిచేయదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఏం తేల్చింది? 2019 డిసెంబరులో పైపుల అమరిక మార్చాక ట్యాంకులో ద్రవం సరిగా కలవలేదు. ఉష్ణోగ్రత కొలిచేది అడుగునే కాబట్టి పైన కాగుతున్న సంగతి తెలియలేదు. శీతలీకరణను సాయంత్రం ఆపేసేవారు. లాక్‌డౌన్‌లో టీబీసీ నిల్వే లేదు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా అది మోగలేదు.

పైపు మార్చడం, కూలింగ్ కరెంటు ఆదా చేయడం, రసాయనం తెప్పించకపోవడం కార్మికుడి చేతిలో పనులు కావు. ఏ మార్పుకైనా ప్రాసెస్, మెయింటెనెన్స్, భద్రత విభాగాలు మూడూ ముందే పరిశీలించి సంతకం చేయాలి. పెద్ద ట్యాంకుకు అడుగున, నడుమ, పైన మూడుచోట్లా సెన్సర్లు ఉండాలి. నిరోధకం కనీస నిల్వకు తగ్గితే ట్యాంకులో సరుకును కూడా తగ్గించాలి. మాక్ డ్రిల్ రాత్రి షిఫ్టులోనూ, చుట్టుపక్కల ఊళ్లతో కలిపి జరగాలి. పగటిపూట అధికారులు వచ్చినప్పుడు చేసే డ్రిల్ ఫొటోలకే పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, సేఫ్టీ ఆఫీసర్ ప్రొడక్షన్ మేనేజర్ కింద పనిచేయకూడదు. టార్గెట్ తప్పుతుందని తెలిసి కూడా ప్లాంటు ఆపించగల అధికారం ఆయనకు ఉండాలి. ఆపినందుకు ఎవరికీ ఇంక్రిమెంటు తగ్గకూడదు. కాంట్రాక్టు కార్మికుడి గేటు పాసు రద్దు కాకూడదు.

కంపెనీ నడిపే ఫ్యాక్టరీకి ఆక్యుపయర్, అంటే చట్టం ముందు బాధ్యుడు, డైరెక్టర్లలో ఒకరై ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆగిపోయిన సెన్సర్లు, పక్కన పెట్టిన అలారాలు, వాయిదా వేసిన మరమ్మతుల జాబితా ప్రతి నెలా ఆ డైరెక్టర్ బల్ల మీదికి చేరాలి. దానిపై ఆయన సంతకం పెట్టాలి. తనిఖీకి వచ్చే అధికారి మొదట అడగాల్సింది ఆ కాగితాన్నే.