కాండక్ట్ సర్టిఫికెట్

(భార్యాభర్తలిద్దరూ ఇంగ్లిష్ టీచర్లే. మూర్తి దిద్దుతున్న కాగితాల్లోంచి రమణి ఒకటి లాగింది. డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లోని జో పాత్ర మీద పిల్లలు రాసిన జవాబులవి.)

రమణి: "జో మంచివాడు. దయగలవాడు. ఓర్పు గలవాడు." కట్టంతా ఇదేనేమిటండీ?

మూర్తి: అందరూ కరెక్టుగా రాశారన్నమాట.

రమణి: మీరు బోర్డు మీద రాసింది దింపేశారన్నమాట! ఇది పాత్ర విశ్లేషణా, కాండక్ట్ సర్టిఫికెట్టా?

మూర్తి: 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో 59 అధ్యాయాలు. పీరియడేమో 40 నిమిషాలు. నోట్సు చెప్పక పారాయణం చేయించమంటావా?

రమణి: 27వ అధ్యాయంలో పల్లెటూరి కమ్మరి జో, తను పెంచిన పిప్ లండన్‌లో దొరబాబు అయ్యాక వాడి గదికి వస్తాడు చూడండి, ఆ రెండు పేజీలు చాలు.

మూర్తి: ఆ టోపీ గొడవేగా! నేనది దాటేస్తాను. కథ అంగుళం కదలదక్కడ.

రమణి: దాటేశారూ?! ముందు టోపీని చేతిలోంచి వదలడు. తర్వాత ఫైర్‌ప్లేస్ మీది పలక అంచున పెడతాడు. అది పడుతూనే ఉంటుంది. కొలిమి దగ్గర ఇనుము వంచే మనిషి టోపీని నిలబెట్టలేకపోతున్నాడు. ఎందుకంటారు?

మూర్తి: కంగారు మనిషి.

రమణి: ఇదిగో, అప్పుడే గుణం అంటించేశారు! మూడు కాలమ్‌లు గీయించండి. మొదటిదాంట్లో జో చేసింది, అన్నది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. రెండోదాంట్లో అది మనకు ఎవరు చెబుతున్నారు. మూడోదాంట్లో మనకేమనిపిస్తోంది.

మూర్తి: మన పిల్లలు మూడోదే ముందు నింపుతారు.

రమణి: నింపి, దానికి సరిపడే వాక్యాలే ఏరుకుంటారు. సరిపడనివి వదిలేస్తారు. అందుకే మొదటి పది నిమిషాలు ఆ కాలమ్‌ని వెనక్కి మడిపించాలి.

మూర్తి: రెండో కాలమ్ దండగ. చెప్పేది పిప్పేగా?

రమణి: ఏ పిప్పు?

మూర్తి: ఎంతమందున్నారేమిటి!

రమణి: ఇద్దరు. జోని చూసి సిగ్గుపడే కుర్రాడు, ఏళ్ల తర్వాత ఆ సిగ్గుకే సిగ్గుపడే పెద్దవాడు. డబ్బు పారేసి జో రాక తప్పించుకోగలిగితే పారేసేవాణ్ణే అని ఒప్పుకునేది ఆ పెద్దవాడు. ఇద్దర్నీ విడదీయకపోతే సగం మంది 'జో మొద్దు' అంటారు, మిగతా సగం 'పిప్ దుర్మార్గుడు' అంటారు. ఆ వయసులో మధ్యేమార్గం ఉండదు.

మూర్తి: పిప్‌ది తప్పేగా మరి?

రమణి: తప్పే. ఆ సిగ్గు ఎక్కడ అంటుకుంది? 8వ అధ్యాయంలో గొప్పింటి పిల్ల ఎస్టెల్లా వాడి మోటు చేతుల్నీ మొరటు బూట్లనీ వెక్కిరించింది. అప్పటిదాకా వాడికి తన చేతుల సంగతే పట్టలేదు. ఆ పేజీ, ఈ పేజీ పక్కపక్కన పెట్టించండి. 'పిప్ మారాడు' అంటే మార్కు లేదు, ఎక్కణ్ణుంచి ఎక్కడికో వేలు పెట్టి చూపించాలి.

మూర్తి: (పేజీలు తిప్పుతూ) అన్నట్టు, ఈ జో 'సర్, సర్' అంటూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం మళ్లీ 'పిప్' అంటున్నాడే!

రమణి: ఇప్పుడు చదివారు! ఇంకో నాలుగు వాక్యాలు కానివ్వండి.

మూర్తి: ఈ బట్టల్లో తను తనలా లేడట. కొలిమి కిటికీలో తల పెట్టి, పాత ఏప్రన్‌లో పని చేసుకుంటుంటే చూడమంటున్నాడు... కంగారు మనిషిలో లేదూ, ఆ గదిలో ఉంది!

రమణి: అది మూడో కాలమ్‌లో రాసుకోండి.

మూర్తి: మరి పరీక్షలో ప్రశ్న? 'జో స్వభావమును వివరింపుము' అనేగా?

రమణి: 'టోపీ ఎందుకు పడుతోంది?' అని ఇవ్వండి.

మూర్తి: అంచున పెట్టాడు కాబట్టి అని రాస్తారే!

రమణి: రాస్తే ఒక మార్కు వేయండి. వాడు పేజీ చదివాడు.