ఇంటిగ్రేషన్‌లో తడబాటుకు మూలం లిమిట్స్ దగ్గరే

ఇంటర్ సెకండియర్‌లో ఇంటిగ్రేషన్ మొదలవగానే చాలామంది విద్యార్థులు వెనకబడతారు. ఫార్ములాలు ఎక్కువ కావడమే కారణమనుకుని ఇంకో ఫార్ములా పుస్తకం కొంటారు. నిజానికి ఆ లోటు, ఫస్టియర్‌లో లిమిట్స్ (ఎక్స్ ఒక విలువకు చేరువవుతుంటే ఫంక్షన్ దేనికి చేరువవుతుందో చూడటం), కంటిన్యుటీ (గ్రాఫ్ తెగకుండా సాగడం) అధ్యాయాన్ని హడావుడిగా దాటేసినప్పుడే మొదలైంది.

ఒక లెక్క చూడండి. మైనస్ 1 నుంచి 1 వరకు 1/ఎక్స్ స్క్వేర్‌ని ఇంటిగ్రేట్ చేయమంటే, ఫార్ములా మాత్రమే తెలిసినవారు మైనస్ 1/ఎక్స్ రాసి, విలువలు వేసి, జవాబు మైనస్ 2 అంటారు. ఆ ఫంక్షన్ ఎక్కడా నెగటివ్ కాదు. మరి దాని కింది వైశాల్యం నెగటివ్ ఎలా అవుతుంది? సున్నా దగ్గర ఫంక్షన్ అంతులేకుండా పెరిగిపోతుంది, అక్కడ కంటిన్యుటీ లేదు. అందుకే ఆ ఫార్ములా ఇక్కడ చెల్లదు, ఈ ఇంటిగ్రల్‌కు పరిమితమైన విలువే లేదు.

కాబట్టి లిమిట్స్‌ను అంకెలతోనే మొదలుపెట్టాలి. (ఎక్స్ స్క్వేర్ - 4)/(ఎక్స్ - 2)లో ఎక్స్‌కు 2.1, 2.01, 1.99 వేసి చూస్తే 4.1, 4.01, 3.99 వస్తాయి. సరిగ్గా 2 దగ్గర విలువ లేకపోయినా లిమిట్ 4 అని కళ్లకు కనిపిస్తుంది. ఆ తర్వాత ఎక్స్ స్క్వేర్ డెరివేటివ్‌ను, అంటే ఎక్స్‌తో పాటు అది మారే రేటును, 3 దగ్గర నిర్వచనం నుంచే కట్టాలి. ఎక్స్‌లో చిన్న మార్పును హెచ్ అనుకుంటే, (3+హెచ్) స్క్వేర్‌లోంచి 9 తీసేసి హెచ్‌తో భాగిస్తే 6+హెచ్, హెచ్ సున్నాకు చేరువయ్యేకొద్దీ 6. ఇక్కడ తప్పిన పిల్లల్లో ఎక్కువమంది (3+హెచ్) స్క్వేర్‌ను 9+హెచ్ స్క్వేర్ అని విప్పినవారే. అది కాలిక్యులస్ తప్పు కాదు, తొమ్మిదో తరగతి బీజగణితం. భిన్నాలు, ఘాతాంకాలు, త్రికోణమితి సూత్రాలు తడబడుతుంటే ముందు ఓ వారం వాటికే ఇవ్వడం నయం.

ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉన్నప్పుడు వాడే చైన్ రూల్‌లో చిక్కంతా బయటి ఫంక్షన్ ఏది, లోపలిది ఏది అన్నదే. సైన్ (ఎక్స్ స్క్వేర్)కు డెరివేటివ్ 2ఎక్స్ కాస్ (ఎక్స్ స్క్వేర్). సైన్ స్క్వేర్ ఎక్స్‌కు మాత్రం 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్. కలం కదిపే ముందు లోపలి ఫంక్షన్ కింద గీత గీసుకుంటే ఈ తికమక చాలావరకు పోతుంది.

ఇంటిగ్రేషన్‌లో ఒకే రకం లెక్కలు వరసగా ఇరవై చేయడం వల్ల వేగం వస్తుందే తప్ప, కొత్త లెక్కకు ఏ పద్ధతి వాడాలో తెలియదు. పరీక్షలో అడిగేది అదే. అందుకే సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ లెక్కలను కలిపేసి, సాధించకుండా పద్ధతి పేరు మాత్రం రాసే సాధన కూడా చేయాలి. డెఫినిట్ ఇంటిగ్రల్‌లో చలరాశి మార్చితే హద్దులూ మార్చాలి. 0 నుంచి 2 వరకు 2ఎక్స్ (ఎక్స్ స్క్వేర్ + 1) క్యూబ్‌లో ఎక్స్ స్క్వేర్ + 1ను టి అనుకుంటే హద్దులు 1, 5 అవుతాయి, జవాబు 156. పాత హద్దులే ఉంచితే 4 వస్తుంది.

రాసిన ప్రతి జవాబునూ డిఫరెన్షియేట్ చేసి సరిచూడాలి. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌కు ఒకరు సైన్ స్క్వేర్ ఎక్స్/2 అని, మరొకరు మైనస్ కాస్ 2ఎక్స్/4 అని తేలుస్తారు. తేడా స్థిరాంకమే కాబట్టి రెండూ ఒప్పే. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు ఉన్నది మూడు గంటలే. అక్కడ జవాబు రూపం ఆప్షన్లతో కలవలేదని లెక్క మళ్లీ మొదలుపెట్టేకన్నా, ఆప్షన్‌నే డిఫరెన్షియేట్ చేసి చూడటం త్వరగా తేలుతుంది.