క్రమం తప్పిన అణువులపై కఠిన చర్యలు తీసుకోవాలి

స్ఫటికం అంటేనే క్రమశిక్షణ. కోటానుకోట్ల అణువులు ఒకే వరుసలో, ఒకే భంగిమలో నిలబడితేనే దానికా పేరు. అలాంటి చోట, ప్రోటీన్ స్ఫటికాల్లో, కొన్ని లైసీన్లు (పొడుగు సైడ్ చెయిన్, అంటే పక్క తోక, ఉండే అమైనో ఆమ్లాలు), కొన్ని గ్లిసరాల్ ముక్కలు ఇష్టం వచ్చినట్టు ఊగుతున్నాయి. వాటి కోసం ప్రోటీన్ పరిశోధకులు రాత్రుళ్లు మేలుకుని రిఫైన్‌మెంట్ (ఎక్స్-రే కొలతలకు సరిపడేలా మోడల్‌ని పదే పదే సవరించడం) నడుపుతున్నారు. ఇక ఉపేక్షిస్తే లాభం లేదు.

లైసీన్‌నే తీసుకోండి. ప్రోటీన్ ఉపరితలం మీద ఉంటుంది. తోకలో మొదటి కార్బన్ అయిన సీ-బీటా దాకా బుద్ధిగా కనిపిస్తుంది, ఆ పైన ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయో చూపే మ్యాప్ ఖాళీ. మ్యాప్‌లో ఎంత బలమైన సంకేతం నుంచి చూపాలో సిగ్మాల్లో చెబుతాం; ఒక సిగ్మా దగ్గర కనపడకపోతే 0.7కి దించుతాం, అప్పటికీ లేకపోతే 0.5కి. అంత కిందికి దిగాక లైసీనే కాదు, మనం కోరుకున్న మందు అణువు కూడా దర్శనమిస్తుంది. భక్తి ఉండాలే గానీ.

ఈ నేరానికి శిక్షేమిటన్న దానిపై పెద్దల్లో మూడు మఠాలున్నాయి. కనపడని పరమాణువుల్ని ఫైల్లోంచే తీసేయమంటుంది ఒకటి. ఆక్యుపెన్సీ (స్ఫటికంలో ఎంత వంతు చోట్ల ఆ పరమాణువు అక్కడుందో చెప్పే అంకె) సున్నా చేయమంటుంది రెండోది: మస్టర్ రోల్‌లో పేరుంటుంది, పనిలో మనిషుండడు. ఆ తర్వాత ఫైలు తెరిచినవాళ్లకు బొమ్మలో లైసీన్ నిక్షేపంగా కనిపిస్తుంది. ఆక్యుపెన్సీ కాలమ్ చూసే ఓపిక ఎవరికుంది? మూడో మఠం పరమాణువుల్ని ఉంచి, బి-ఫ్యాక్టర్‌ని (పరమాణువు ఎంత ఊగుతోందో చెప్పే అంకెని) దాని మానాన పెరగనిస్తుంది. అది 150కి చేరిందంటే, ఆ పరమాణువు ఏ దిశలో చూసినా సగటున 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లు అటూ ఇటూ కదులుతోందని లెక్క. దాదాపు ఒక కార్బన్-కార్బన్ బంధమంత దూరం! ఉన్నదున్నట్టు చెప్పడంలో ఈ మఠమే కాస్త నయం. అందుకే టేబుల్‌లో అంత అసహ్యంగా ఉంటుంది.

అసలు ముద్దాయి వేరే ఉంది. సరిగ్గా టూ-ఫోల్డ్ అక్షం (సగం చుట్టు తిప్పినా స్ఫటికం అలాగే ఉండే గీత) మీదే వచ్చి కూర్చునే పెగ్ ముక్క, అంటే స్ఫటికం కట్టడానికి కలిపే పాలిమర్ ముక్క. సౌష్ఠవం ప్రకారం 180 డిగ్రీలు తిరిగిన ప్రతిరూపం కూడా అదే చోట ఉండాలి. రెండూ ఒకేసారి పట్టవు కదా, కొన్ని చోట్ల ఇలా, కొన్ని చోట్ల అలా ఉంటుంది. రిఫైన్‌మెంట్ ప్రోగ్రామ్‌కి ఇదంతా తెలియదు. రెండూ గుద్దుకుంటున్నాయని ముక్కని పక్కకి తోసేస్తుంది. మ్యాప్‌లో పాత చోట ఏదో తక్కువైందని ఆకుపచ్చ ముద్ద, కొత్త చోట ఎక్కువైందని ఎర్ర ముద్ద. మోడల్‌ని చేత్తో దిద్దే కూట్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ లాగి పెడతాం, మళ్లీ తోసేస్తుంది. ఆక్యుపెన్సీ 0.5 పెట్టి, ప్రతిరూపంతో ఢీకొన్నా పట్టించుకోవద్దని చెబితే గొడవ తీరిపోతుంది. షెల్‌ఎక్స్ అనే రిఫైన్‌మెంట్ ప్రోగ్రామ్‌లో అయితే ఆ ముక్కకిచ్చే పార్ట్ సంఖ్యకు మైనస్ గుర్తు తగిలిస్తే చాలు. కానీ ఇంత తేలిక పరిష్కారం మన హోదాకి తగదు. ఆ పెగ్ ముక్కని పీకేసి మూడు నీటి అణువుల్ని వరుసగా పేర్చడమే సంప్రదాయం. రెండు నీళ్ల మధ్య 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం ఉండాల్సిన చోట ఒకటిన్నరే ఉందా? సర్దుకుపొమ్మనండి.

ఇన్ని చేసినా ఆర్-ఫ్రీ అడ్డుపడుతుంది. 1992లో బ్రుంగర్ అనే పెద్దమనిషి, నూటికి అయిదో పదో రిఫ్లెక్షన్లు (ఎక్స్-రే కొలతలు) రిఫైన్‌మెంట్‌కి చూపించకుండా దాచిపెట్టి, వాటితో మోడల్‌ని పరీక్షించమన్నాడు. మనం ప్రతి సైడ్ చెయిన్‌కీ ఏ, బీ అని రెండు భంగిమలు కల్పిస్తే ఆర్ (చూపించిన కొలతలతో మోడల్‌కున్న తేడా) ముచ్చటగా తగ్గుతుంది, దాచిన వాటితో ఉన్న తేడా అయిన ఈ ఆర్-ఫ్రీ మాత్రం పెరిగి కూర్చుంటుంది. దీన్ని వెంటనే రద్దు చేయాలని నా డిమాండ్.

అది జరిగేలోగా పీడీబీ (ప్రోటీన్ నిర్మాణాల్ని భద్రపరిచే భాండాగారం) ధ్రువీకరణ నివేదిక గురించి భయం వద్దు. అందులో చెడ్డది ఎరుపు వైపు, మంచిది నీలం వైపు. రివ్యూయర్‌కి నలుపు-తెలుపు ప్రింటు పంపండి.