మహారాజశ్రీ ఎండు రేవు గారి సముఖమునకు

విజయనగరం.

అయ్యా,

తమరి అసలు పేరు డ్రై పోర్టు. సర్కారు కాగితాల్లో ఇన్‌లాండ్ కంటైనర్ డిపో, అంటే సముద్రం లేని చోట కంటైనర్ పెట్టెలకి కస్టమ్స్ పని చేసిపెట్టే యార్డు. మా వీధిలో మాత్రం ఎండు రేవు అని తెలుగు చేసుకున్నాం. ఆ మాట వినగానే మా పాలాయనకి ఎండు చేపలు గుర్తొచ్చాయి, అది వేరే సంగతి.

"ఏటి బాబూ, ఊర్లోకి రేవొస్తందంట! ఓడలు పెద్దచెరువులోకి దిగుతాయేటి?" అని అడిగాడు.

ఓడలు రావయ్యా, పెట్టెలొస్తాయి అన్నాను.

"పెట్టెల్లో ఏటుంటాది?"

ఏదైనా ఉండొచ్చు అన్నాను.

"మరి మన్నుంచి ఏటెల్తాది?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా పాలగిన్నె పుచ్చుకుని లోపలికొచ్చేశాను. చెప్పకుండా మింగిన జవాబు కదా, అరగలేదు. అందుకని తమకే రాస్తున్నాను.

నా సంగతి కొంచెం మనవి చేసుకోవాలి. విశాఖపట్నంలో సరుకులకి కస్టమ్స్ కాగితాలు నడిపే ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర 27 ఏళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టాను. ఇప్పుడు ఏజెంటుని కస్టమ్స్ బ్రోకర్ అంటున్నారు. మా రోజుల్లో ఫైలు చంకలో పెట్టుకుని టేబులు టేబులుకీ తిరగడమే పని. పొద్దున్నే పాసింజరెక్కి అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి దాటుకుంటూ అరవై కిలోమీటర్లు పోవడం, రాత్రికి అదే వరస తిరగేసుకుంటూ రావడం. ఇన్నేళ్లలో ఏ కస్టమ్స్ బిల్లులోనూ రేవు అనే గడిలో మా ఊరు కనబడలేదు. పలాసకి ఆఫ్రికా జీడిపిక్కలు దిగినా, టెక్కలి గ్రానైట్ బ్లాకులు ఓడెక్కినా ఆ గడిలో ఉండేది ఒకటే: ఐఎన్‌వీటీజెడ్1. అంటే విశాఖ. చివరి అంకె 1 అయితే సముద్రం, 4 అయితే విమానాశ్రయం, 6 అయితే తమరు. హైదరాబాదులో సనత్‌నగర్ డిపోకి ఆ 6 ఉంది. బెంగళూరు వైట్‌ఫీల్డుకి ఉంది. గంటస్తంభం దగ్గర టీ బడ్డీలో తమరి రాక గురించి వినగానే ముందు నాకు ఆ 6 కళ్ల ముందు ఆడింది. మా ఊరి పేరులోంచి మూడక్షరాలు, పక్కన 6. ఒక్కసారి టైపు కొట్టాలని ఉంది. ఇంత వెటకారం రాస్తున్న వాడికి ఈ కోరికేమిటి అంటారేమో. ఉంది మరి.

తమరి పుట్టుక ఎంత తేలికో నాకు తెలుసు. బెంగళూరుకి సముద్రం లేదు కాబట్టి దేశంలో మొదటిసారి 1981లో అక్కడ వెలిశారు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 7వ సెక్షన్ కింద ఢిల్లీలో కస్టమ్స్ బోర్డు వారు ఒక నోటిఫికేషన్ వేస్తే ఎక్కడి పొలమైనా రేవైపోతుంది. 8వ సెక్షన్ కింద దాని హద్దులు గీస్తారు. 45వ సెక్షన్ కింద సరుకుకి కాపలాదారుణ్ణి, అంటే కస్టోడియన్‌ని, ఒప్పుకుంటారు. ఒక కంచె, ఒక కాటా, రెండు షెడ్లు, ఒక సర్వరు. సముద్రం జాబితాలో లేదు.

కస్టోడియన్ బతుకు చూస్తే మాత్రం జాలేస్తుంది. ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకున్న మామగారి పరిస్థితి ఆయనది. అక్కడ పనిచేసే కస్టమ్స్ ఆఫీసర్ల ఖర్చు సర్కారుకి ఆయనే కట్టాలి. అదీ పోస్టు సగటు ఖర్చుకి 1.85 రెట్లు, పైన డీయే, ఇంటద్దె. సరుకు బాగా నడిచిందని రుజువయ్యాక మినహాయింపు ఇస్తారు. అందాకా అల్లుడు కుర్చీలో కూర్చుని మామగారి గోడౌనుకి తాళం సరిగ్గా పడిందా లేదా అని తనిఖీ చేస్తుంటాడు. కట్నం ఇచ్చి మరీ తిట్లు తినడం మా వైపు కొత్తేమీ కాదనుకోండి.

సరుకు బాగా నడవడం అన్నాను కదా, కథంతా అక్కడే ఉంది. పెట్టెలు మోసే గూడ్సు రైలు ఒకటి నిండాలంటే 20 అడుగుల పెట్టెలు 90 కావాలి. మా దగ్గర సరుకు పోగైతే షిప్పింగ్ కంపెనీ ఖాళీ పెట్టెలు పంపుతుంది. ఖాళీ పెట్టెలు ఇక్కడుంటేనే సరుకువాడు సరుకు తెస్తాడు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఢిల్లీ లాంటి చోట ఈ పెళ్లి కుదిరింది, ఎందుకంటే అక్కణ్ణించి సముద్రం వెయ్యి కిలోమీటర్ల పైమాటే. మాకు అరవై. పొద్దున్న లారీకెత్తిన పెట్టె మధ్యాహ్నం భోజనాల వేళకి విశాఖ గేటు దగ్గరుంటుంది. దాన్ని ముందు తమరి దగ్గర దింపి, మళ్లీ ఎత్తి, రైలెక్కించి, అక్కడ మళ్లీ దింపితే ఎత్తిన ప్రతిసారీ ఒక బిల్లు. బొబ్బిలి వెళ్లడానికి భువనేశ్వర్ బండెక్కినట్టు ఉంటుంది యవ్వారం.

పైగా రోజులు మారిపోయాయి. 2017 నుంచి ఎగుమతిదారు తన ఫ్యాక్టరీలోనే పెట్టె నింపుకుని తనే ఎలక్ట్రానిక్ సీలు వేసుకోవచ్చు, ఆఫీసరు ఎదురుగా నిలబడక్కర్లేదు. 2020 నుంచి దిగుమతి బిల్లులకి ముఖం లేని అసెస్‌మెంటు వచ్చింది. సరుకు ఒక ఊళ్లో దిగుతుంది, దాని సుంకం లెక్క ఇంకెక్కడో ఊళ్లో కూర్చున్న ఆఫీసరు తేలుస్తాడు. ఆయనెవరో మనకి తెలీదు, మనమెవరో ఆయనకి తెలీదు. అంటే మామగారు 1.85 రెట్లు పోసి తెచ్చుకున్న అల్లుడు సరుకు విప్పి చూడ్డానికే తప్ప దిగుమతి సుంకం కాగితం మీద సంతకానికి పనికిరాడు.

కాగితం అంటే గుర్తొచ్చింది. పెట్టె నంబరులో నాలుగక్షరాలు, ఏడంకెలు ఉంటాయి. ఏడో అంకె మొదటివాటి మీద కాపలా. లెక్క కడితే అది సరిపోవాలి, సరిపోకపోతే నంబరు తప్పన్నమాట. ఒకసారి ఆ కాపలా అంకెనే తప్పు కొట్టాను. రెండ్రోజులు సవరణ అర్జీ పట్టుకుని తిరిగాను. పెట్టె యార్డులో కూర్చుని అద్దె తింటోంది, పెట్టె గల కంపెనీ డిటెన్షన్, అంటే పెట్టె ఆలస్యంగా తిరిగిచ్చినందుకు రుసుము, వేరే వేస్తోంది, లోపల జీడిపిక్కలు చెమట పడుతున్నాయి. తప్పు నాదే, ఎవర్నీ అనను. రెండో రోజు రాత్రి ఆఖరి పాసింజరు తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద పడుకున్నప్పుడు మాత్రం, ఈ రేవేదో మా ఊళ్లోనే ఉంటే ఇంటికెళ్లి చారన్నం తినేవాణ్ణి కదా అనిపించింది. తమరి మీద నా ప్రేమ అక్కడ పుట్టింది. దాని విలువ అంతే, ఒక పూట చారన్నం.

ఇప్పుడు పెద్ద విషయానికొస్తాను. మాకు రేవులు లేక తమర్ని పిలుస్తున్నామని అనుకోకండి. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అంత పొడుగు ఇంకే జిల్లాకీ లేదు. కళింగపట్నం రేవే, బారువ రేవే. ఇటు భీమిలిలో డచ్చివాళ్లు వర్తకం చేసి సమాధులు కట్టించుకునేదాకా ఉన్నారు. మా గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే విదేశాలకి ఓడెక్కింది. తర్వాత తీరం పక్కనే రైలొచ్చింది, 1933 అక్టోబరు 7న విశాఖ హార్బరు తెరుచుకుంది, మిగతా రేవులన్నీ ఒక్కొక్కటే పడుకున్నాయి. కళింగపట్నంలో దీపస్తంభం ఇంకా ఉంది. పూర్వం ఓడల్ని రమ్మని పిలిచేది, ఇప్పుడు దూరంగా పొమ్మని చెబుతోంది. తడి రేవుల్ని అలా ఎండబెట్టుకుని ఇప్పుడు అచ్చమైన ఎండు రేవు కోసం ఎదురు చూస్తున్నాం.

శంకుస్థాపనలకి మాత్రం కరువు లేదు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో సుమారు 4,362 కోట్ల రూపాయల రేవుకి 2023 ఏప్రిల్ 19న రాయి పడింది. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి రాళ్లేశారు. గ్రానైట్ పండే నేల కదా, రాళ్లకేం లోటు. ఇక శ్రీకాకుళం రైల్వే స్టేషను ఆమదాలవలసలో ఉంటుంది, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని రాసుంటుంది. రైలు రాని ఊరి పేరుతో స్టేషను చూసినవాళ్లం, ఓడ రాని ఊళ్లో రేవు చూసి ఆశ్చర్యపోతామా?

సరే, పాలాయన ప్రశ్న. మన్నుంచి ఏటెల్తాది?

గ్రానైట్ వెళ్తుంది. శ్రీకాకుళం బ్లూ అంటే విదేశాల్లో కూడా పేరు చెప్పుకుని కొంటారు. కానీ వెళ్లేది ఎక్కువగా బండరాయి. 20 అడుగుల పెట్టెలో ఒకటో రెండో బ్లాకులు పెట్టేసరికి బరువు నిండిపోతుంది, మిగతా పెట్టె ఖాళీ. మా ఎగుమతిలో సగానికి పైగా గాలే. ఆ రాయిని కోసి, పాలిష్ పెట్టి, దాని మీద సంపాదించుకునేది ఇంకెవరో. జీడిపిక్కలు ఆఫ్రికా నుంచొస్తాయి, పలాసలో ఆడవాళ్ల చేతులు జీడికి నల్లబడతాయి, పప్పు డబ్బాల్లోకెక్కి మన దేశంలోనే పెళ్లిళ్లకి పోతుంది. పొందూరు ఖద్దరు ఉంది, వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు, ఎంత సన్నని నూలో! దాంతో 90 పెట్టెల రైలు నింపాలంటే ఆ చేప జాతంతా నోరు తెరవాలి. జనపనార మిల్లుల గురించి అడక్కండి, మూసిన గేటు ముందు కూర్చున్నవాళ్లు మా బంధువులే.

మన్నుంచి అన్నిటికంటే ఎక్కువ వెళ్లేది మనుషులు. విశాఖ, హైదరాబాదు, మద్రాసు. మేస్త్రీ పిలిస్తే మూట కట్టడమే, ఎగుమతికి రాసే షిప్పింగ్ బిల్లు అక్కర్లేదు, సీలక్కర్లేదు. అంత తీరం ఉండి కూడా బోటు కట్టుకునే జెట్టీ లేక మా మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ వెళ్లి ఎవరి బోట్లలోనో చేపలు పడతారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు అలాగే హద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఈ ఎగుమతిని తమరి లెక్కలో ఏ కాలమ్‌లో వేస్తారు?

తమరు రావద్దని అనడం లేదు. వస్తే సంతోషం. వచ్చినప్పుడు గేటు బయట లారీ డ్రైవర్లకి నాలుగు వేపచెట్లు, ఒక మరుగుదొడ్డి పెట్టించండి. కంచె లోపల ఏం చేసుకున్నా మీ ఇష్టం. మొదటి బిల్లు మాత్రం నా చేత కొట్టించండి, జీతమక్కర్లేదు.

ఇంత రాసి, నిన్న పొద్దున్న పాలాయనకి జవాబు చెప్పేశాను. మనుషులెల్తారు అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. పాలు కొలుస్తూ ఆగి, "మరి రేవంటే దిగుమతి కూడా ఉంటాదా బాబూ? మా గుంటడు మద్రాసెల్లిపోనాడు" అన్నాడు.

మన దగ్గర్నించి ఎగుమతైన సరుకు మన దగ్గరికే తిరిగొస్తే సుంకం మినహాయింపు ఉందని తమకి నేను చెప్పక్కర్లేదు. 2017 నాటి 45వ నంబరు నోటిఫికేషన్‌లో రాశారు. మూడేళ్లలోపు తిరిగి రావాలి, గడువు పొడిగిస్తే ఐదేళ్ల దాకా.

కుర్రాడు వెళ్లి నాలుగేళ్లయిందంటున్నాడు. పొడిగింపు అర్జీ ఎవరి పేర పెట్టాలో సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మాజీ గుమాస్తా